పసుపు పెట్టిన జెండా

మా వాడలో యుద్ధం ఒక మంగళవారం పొద్దున మొదలైంది. అంతకు ముందు రోజు దాకా మా అక్కకు టమాట రేటు మీద తప్ప దేని మీదా పెద్దగా కోపం లేదు.

మాది కరీంనగర్ నుంచి బస్సులో గంట ప్రయాణం ఉండే మగ్గాల ఊరు. బాపు ఊహ తెలిసినప్పటి నుంచి పవర్‌లూమ్ మీద పనిచేసి, మోకాళ్లు మొరాయించాక మానేశాడు. అక్క మగ్గం నాడెలో పెట్టే కండెలకు దారం చుడుతుంది. నేను చీరల కింద కట్టుకునే లంగాలు కుడతాను. అక్క గది, మా గది పక్కపక్కనే. ముందున్న వసారాలో నా కుట్టుమిషన్, ఆమె కండెల రాట్నం, అందరికీ కలిపి ఒక టీవీ. చుట్టూ షెడ్లలో మగ్గాలు నడుస్తుంటే పక్కన కూర్చున్న మనిషి మాట కూడా వినపడదు. అందుకని టీవీ సౌండు ఎప్పుడూ నిండా పెంచి ఉంటుంది. ఆ వారం వార్తలు చదివేవాళ్లు మామూలు కంటే గట్టిగా అరిచారు. దేశం సంగతి ఏమోగానీ, మాకు సౌండు పెంచే పని తప్పింది.

అక్క గురించి ఒక మాట ముందే చెప్పాలి. ఇంట్లోకి తేలు వస్తే చీపురు మీదికి ఎక్కించుకుని పోయి బయట గడ్డిలో వదిలేసే మనిషి ఆమె. వాడలో ఎవరి పిల్లకు జ్వరం వచ్చినా అందరికంటే ముందు గోళీ పట్టుకుని నిలబడుతుంది. ఎదురుగా ఉన్న మనిషి మీద పూటంతా కోపం ఉంచుకోవడం ఆమెకు చేతకాదు. కనపడని మనుషుల మీద మాత్రం ఎంతైనా ఉంచుకోగలదని నాకు ఆ వారంలోనే తెలిసింది.

మొదటి రోజు ఆమె ‘మిలిటరోళ్లు’ అన్నది. మర్నాటికి అది ‘మనం’ అయింది.

“మనం రాత్రి మస్తు కొట్టినం,” అని పొద్దున్నే చాయ్ ఇస్తూ చెప్పింది.

రాత్రంతా పక్క గదిలో ఆమె గురక నేను విన్నాను. ఆ మాట అనలేదు.

టీవీలో పక్క దేశం పటం పెట్టి ఒక ఊరి చుట్టూ ఎర్ర గుండ్రం గీసేవాళ్లు. ఆ గుండ్రం పెద్దదవుతూ, చిన్నదవుతూ కొట్టుకునేది. ఆ ఊరి పేరు అక్కకు నోరు తిరగలేదు. ‘గా గుండ్రం ఊరు’ అనేది. “గా గుండ్రం ఊరును పూర కతం చెయ్యాలె. అప్పటిదాంక నాకు నిద్ర పట్టది,” అని వాడకట్టులో అందరికీ చెప్పింది. ఆమె గురక సంగతి నేను అప్పుడూ ఎత్తలేదు.

ఒక రోజు ఆమె ఫోన్‌లో విమానాలు కూలిపోయే వీడియో వచ్చింది. మా ఇంటి వెనకాల ఉండే కాలేజీ పిల్ల చూసి, అది నిజం కాదని, ఫోన్‌లో ఆడుకునే ఆట అని చెప్పింది. అక్క ఇంకోసారి శ్రద్ధగా చూసింది. “ఆటైతే ఏందే? నిజంగ గూడ గట్లనే ఉంటది గద,” అని ఇంకో నలుగురికి పంపింది.  

బావ అప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. ఆయన గల్ఫ్‌లో ఒక సామాన్ల గోదాములో పని చేస్తాడు. మాట తక్కువ. టీవీ మొదలైతే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. అక్కడి కబుర్లు అడిగితే ‘మా రూంల భాయ్’ గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పేవాడు. భాయ్ రొట్టెలు మంచిగా చేస్తాడు. భాయ్‌కి బావ పచ్చిపులుసు నేర్పాడు. బావకు నడుం పట్టేస్తే భాయ్ వేడినీళ్ల సీసా పెట్టాడు. ఆయన హైదరాబాద్ మనిషి అని మేమే అనుకున్నాం. బావ అవుననలేదు, కాదనలేదు.

మూడో రోజో నాలుగో రోజో వాడలోని యువకులు చౌరస్తాలో శత్రువు జెండా కాల్చాలని తీర్మానం చేశారు. కాల్చాలంటే ముందు అది ఉండాలి. మా ఊరి దుకాణాల్లో దొరికే సరుకు కాదు. పైగా మగ్గాల ఊళ్లో బట్ట బయట కొనుక్కొచ్చామంటే పరువు పోతుంది. అక్క నా మిషన్ వైపు చూసింది.

నా దగ్గర లంగాలకని పక్క షెడ్డు మగ్గం నుంచి తెచ్చిన ముదురాకుపచ్చ పాలిస్టర్ గుడ్డ మిగిలి ఉంది. నెలవంక ఏ వైపు తిరిగి ఉండాలో మా వాడలో ఎవరికీ తెలియదు. అంతగా ద్వేషిస్తున్న జెండాను ఎవరూ సరిగ్గా చూడలేదు. చివరికి ఫోన్‌లో చూసి, తెల్లగుడ్డ కత్తిరించి పక్క పట్టీని, నెలవంకను, చుక్కను అతికించాను. చుక్కకు ఐదు కొనలు సమానంగా రావడానికి చాలాసేపు పట్టింది. అంచు రెండు మడతలు వేసి కుడుతుంటే అక్కకు విసుగొచ్చింది.

“కాలిపోయేదానికి అంచు ఎందుకే?”

“అంచు కుట్టకుంట నా మిషన్ మీదికెల్లి బట్ట పోదు,” అన్నాను.

ఇదంతా బాగానే ఉంది. ఆ తర్వాత జరిగింది అలవాటు వల్ల జరిగింది. మా ఇంట్లో ఏ కొత్తబట్ట తయారైనా మూలకు కొంచెం పసుపు పెట్టకుండా చేతి నుంచి వదలం. గిరాకీ లంగాకైనా, పిల్లల జుబ్బాకైనా అంతే. పసుపు భరిణె మిషన్ పక్కనే ఉంటుంది. వేలు దానంతట అదే పోతుంది. దారం కొస తెంపి, బట్ట దులిపి, మూలకు పసుపు పెట్టి, మడిచి అక్క చేతికిచ్చాను.

గోడకు ఆనుకుని కూర్చున్న బాపు అప్పుడు నోరు తెరిచాడు. ఆ వారంలో ఆయన మాట్లాడిన మొదటి మాట అదే.

“పసువు వెట్టిన బట్టను కాలవెడ్తరా?”

అక్క బట్ట విప్పి చూసింది. శత్రువు జెండా మూలకు బొట్టంత పసుపు. తడిగుడ్డతో తుడిచింది. పసుపు ఇంకా కొంచెం వెడల్పయింది.

“అది మన బట్ట కాదు బాపు,” అంది అక్క.

“మన మగ్గం మీదికెల్లి వచ్చింది. మన పిల్ల కుట్టింది. పసువు వెట్టింది. ఇంకెట్ల మనది కాదు?” అన్నాడు బాపు. అక్క జెండాను చంకలో పెట్టుకుని బయటికి నడిచింది.

సాయంత్రం చౌరస్తాలో వాడంతా చేరింది. ఎవరు అంటించాలన్న దగ్గర కాస్త ఆగింది. ఒకతను బావను చూసి నవ్వుతూ, “బావా, నువ్వు బయటి దేశంల ఉంటవు. నీకు దేశభక్తి ఉన్నదో లేదో మాకెట్ల తెల్వాలె?” అన్నాడు. హాస్యానికే అన్నాడు. అక్కకు హాస్యంలా వినపడలేదు.

“మా ఆయననే పట్టుకుంటడు. ఎందుకు పట్టుకోడు?” అని ఆమె అందరిలో ప్రకటించింది.

బావ ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. ఆ తర్వాత జెండాను తీసుకుని, దుకాణంలో గిరాకీకి లంగా విప్పి చూపించినట్టు, రెండు చేతులతో పై మూలలు పట్టుకుని నిలబడ్డాడు. కర్ర తేవాలని ఎవరికీ తోచలేదు. ఒకతను బండిలోంచి పెట్రోలు తీసి కింది అంచు మీద చల్లాడు. ఇంకొకతను అగ్గిపుల్ల గీశాడు.

పాలిస్టర్ గుడ్డ నూలుగుడ్డలా కాలదు, కరుగుతుంది. కరిగి కారుతుంది. ఈ సంగతి దేశంలో ఎవరికైనా తెలియకపోవచ్చు, మా వాడకు తెలియదంటే నమ్మరు. మేం రోజూ లంగా నాడాల కొసలు నిప్పుకు చూపించి, కరిగిన కొసను వేళ్లతో నలిపి ముద్ద చేస్తాం, పోగులు ఊడకుండా. వేలు కాలని ఆడది మా వాడలో లేదు. అంతమందిమి అక్కడ నిలబడి ఉన్నాం, ఒక్కరికీ గుర్తు రాలేదు. నినాదాలిచ్చే నోటికి, నాడా నలిపే చేతికి మధ్య ఆ కాసేపు దారి తెగిపోయింది.

మంట ఒక్క ఊపులో పైకి పాకింది. గాలికి జెండా తిరగబడి, కరిగిన పచ్చటి ముద్ద బావ కుడి చేతి మీద పడి అతుక్కుంది. ఆయన అరిచాడు. జనం ఆ అరుపును కూడా నినాదం అనుకుని తిరిగి అరిచారు. ముందుగా పరుగెత్తింది అక్క. జెండాను లాగి కాళ్లతో తొక్కి ఆర్పింది. మా ఊరి వరకు ఆ యుద్ధంలో గాయపడింది ఒక్కరే. ఆయనను గాయపరిచిన జెండాను నేనే కుట్టాను, అంచులు చాలా గట్టిగా వచ్చాయి.

సర్కారు దవాఖానలో చెయ్యి కడిగి, మందు రాసి, తెల్లగుడ్డ చుట్టారు. బొటనవేలు, దాని పక్కన రెండు వేళ్లు బాగా కాలాయి. వరండాలో బెంచీ మీద కూర్చున్నాక బావ ఫోన్ మోగింది. వీడియో కాల్. గడ్డం ఉన్న పెద్దమనిషి ఒకాయన కనిపించాడు. కట్టు చూసి ఆయన మొహం మారింది. హిందీలో గబగబా ఏదో అడిగాడు. బావ కూడా హిందీలోనే జవాబిచ్చాడు. పూరీలు చేస్తుంటే ఇంటామె చేతిలో గంటె జారిందని, కాగే నూనె పడిందని.

ఫోన్ పెట్టగానే అక్క మీదికి లేచింది. “నేనెప్పుడు పోసిన నూనె? అబద్ధం నా మీదికెందుకు తోస్తవు?”

“మరి ఏం చెప్పమంటవు? మీ జెండ కాలవెట్టవోతే నా చెయ్యి కాలింది భాయ్ అని చెప్పాల్నా?”

“మీ జెండ అంటే?”

బావ కట్టు వైపు చూసుకున్నాడు. “నువ్వు రోజు కతం చెయ్యాలె అంటవు సూడు, గా గుండ్రం ఊరు. ఆయనది దాని పక్క పల్లెనే. అవ్వ, పెండ్లాం, పిల్లలు, అందరు ఆడనే ఉంటరు.”

అక్క బెంచీ చివర కూర్చుంది. “మరి ఇన్నొద్దులు ఎందుకు చెప్పలే?” అంది.

“చెప్తే ఆయన చేసిన రొట్టె నన్ను తిననిస్తుంటివా?”

తిననిచ్చేది కాదని ముగ్గురికీ తెలుసు. నాకు ఆ రోజు ఆమె మీద చాలా కోపం వచ్చింది, ఇంటికి వచ్చేసరికి జాలి వేసింది. రెండూ ఆమెకు చెప్పలేదు.

అక్క మర్నాడే మారిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ అలా జరగలేదు. మర్నాడు కూడా టీవీ పెట్టింది. ‘మనం’ అనే అన్నది. అయితే తెర మీద ఆ ఎర్ర గుండ్రం వచ్చినప్పుడల్లా రాట్నం మీద దారం తెగిందని లేచి, అటు తిరిగి నిలబడేది. నాకు కనిపించినంత వరకు ఏ దారమూ తెగలేదు.

ఒక సాయంత్రం యుద్ధం ఆగిందని టీవీలో చెప్పారు. “గప్పుడేనా?” అంది వాడంతా, సీరియల్ మధ్యలో కరెంటు పోయినట్టు. కొద్ది రోజుల్లో అదే టీవీ, అదే గొంతుతో, ఒక సినిమా వాళ్ల పెళ్లి గురించి అరవడం మొదలుపెట్టింది. పేపర్లో యుద్ధం లోపలి పేజీకి పోయింది. మా ఇంట్లో మాత్రం బావ బొటనవేలు మొదటి పేజీలోనే ఉంది.

ఎందుకంటే అక్కడ విమానం దిగగానే వేళ్ల ముద్రలు వేయాలి. కంపెనీలో హాజరు కూడా బొటనవేలితోనే. సెలవు దాటితే వీసా పోతుంది. కొత్త చర్మం వచ్చింది కానీ గులాబీ రంగులో నున్నగా, చంటిపిల్ల బుగ్గలా వచ్చింది. దాని మీద ఒక్క గీత లేదు. పొద్దున లేవగానే బావ వేలికి సిరా రాసుకుని పాత పేపరు మీద వత్తేవాడు. నల్లటి మచ్చ పడేది. మచ్చలో గీతల కోసం అందరం వంగి చూసేవాళ్లం.

సెలవు పొడిగింపు భాయ్ ఇప్పించాడు. అక్కడి ఫోర్‌మన్‌ను బతిమాలి, బావ ఎత్తాల్సిన సామాను కూడా తనే ఎత్తుతానని ఒప్పుకున్నాడట. రోజు విడిచి రోజు ఫోన్ చేసి గీతలు వచ్చాయా అని అడిగేవాడు. తేనె రాయమన్నాడు. ఆ సాయంత్రమే అక్క సంత నుంచి తేనె సీసా తెచ్చింది. ఎవరు చెప్పారని నేను అడగలేదు. ఆమే, “తేనె మంచిదంటరు,” అని గోడతో అంది.

ఆ తర్వాత అక్క కొండగట్టుకు పోయింది, నన్నూ తీసుకుపోయింది. యుద్ధంలో గెలిస్తే వస్తానని ఆంజనేయస్వామికి మొదటి రోజుల్లోనే మొక్కింది. వేలికి గీతలు రావాలని తర్వాత ఇంకో మొక్కు మొక్కింది. ఛార్జీలు కలిసొస్తాయని రెండూ ఒకటే ప్రయాణంలో పెట్టుకుంది. విజయానికి ఒక కొబ్బరికాయ, బొటనవేలికి ఒక కొబ్బరికాయ. మొదటిది టక్కున కొట్టేసింది. రెండోది కొట్టే ముందు కళ్లు మూసుకుని ఎంతసేపు నిలబడిందంటే, వెనక క్యూలో ఉన్నవాళ్లు గొణిగారు.

గీతలు వచ్చాయో లేదో తేల్చింది రేషన్ షాపు. అక్కడి మిషన్ మీద వేలు పెడితే గానీ బియ్యం ఇవ్వరు. మా ఇంటివాళ్లం బియ్యం కోసం కాకుండా అక్కడికి పోవడం అదే మొదలు. బావ బొటనవేలు పెట్టాడు. మిషన్ వద్దంది. తుడుచుకుని మళ్లీ పెట్టాడు. వద్దంది. డీలరు, “ఇంకో వేలు పెట్టు బావా,” అన్నాడు. “గా వేలే కావాలె,” అంది అక్క. ఆ నెలంతా ఏదో ఒక వంక పెట్టుకుని వెళ్తూనే ఉన్నారు. చివరికి ఒక పొద్దున మిషన్ కుయ్యిమని ఒప్పుకుంది. అక్క అక్కడే బియ్యం సంచి మీద కూలబడి ఏడ్చింది. డీలరు బియ్యం నాణ్యత గురించి అనుకుని, పై నుంచే అట్లా వచ్చాయని చెప్పాడు.

బావ వెళ్లిపోయాడు. దిగినచోట ఏమవుతుందో తెలియక ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ఇక జెండా సంగతి. ఆ రోజు చౌరస్తాలో మిగిలిన సగం ముక్కను బాపు ఇంటికి తెచ్చాడు. కింది సగం కరిగి గట్టిపడింది. పై మూల, పసుపు ఉన్న మూల, అలాగే ఉంది. ఆయన దాన్ని ఉతికి, ఆరేసి, మాడిన అంచు నాచేత కత్తిరించి కుట్టించి, నా మిషన్ మీద దుమ్ము పడకుండా కప్పాడు. పసుపు పెట్టిన బట్టను పారేయకూడదు. దాని మీద నెలవంక సగం, చుక్క ఒకటి మిగిలాయి. వచ్చినవాళ్లు ఏదో డిజైన్ లంగా గుడ్డ అనుకుంటారు.

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. తెర మీద బావ, బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. “మిషన్ ఒక్కసారికే తీసుకున్నది,” అన్నాడు. బాపు రెండు చేతులూ జోడించాడు. అక్క ఏదో అనబోతుండగా ఫోన్ భాయ్ చేతికి పోయింది.

అప్పుడు అక్కకు తన వెనకాల ఏముందో గుర్తొచ్చింది. కూర్చున్న పీటను జరిపి, మిషన్‌కు వీపు ఆనించి, కొంగును భుజాల చుట్టూ వెడల్పుగా పరుచుకుంది. ఫోన్ నా చేతిలో ఉంది. తెర మూలలో పచ్చరంగు కొంచెం కూడా కనపడకుండా చూసుకున్నాను.

భాయ్ ముందు అక్కడ అంతా క్షేమమేనా అని అడిగాడు. ఆ రోజుల్లో మీ ఊరి మీద ఏమీ పడలేదు కదా, మా అమ్మ రోజూ మీ ఇంటి గురించి అడిగేది అన్నాడు.

“కుచ్ నై గిరా భయ్యా,” అంది అక్క. ఏమీ పడలేదని. ఆమెకు అంగట్లో బేరమాడేంత హిందీ వచ్చు. ఆగి, “ఆప్‌కే ఉధర్?” అంది.

మాకు కిటికీ అద్దాలు పోయాయి, అంతే అన్నాడు ఆయన. పిల్లలందరినీ అమ్మ మెట్ల కింద దాచిందట. చిన్నపిల్ల ఇప్పటికీ రాత్రయితే పరుపు లాక్కుని పోయి అక్కడే పడుకుంటుందట. నవ్వుతూనే చెప్పాడు. ఆ తర్వాత గొంతు మార్చి, పెద్దన్న చెల్లెలిని మందలించినట్టు అక్కను మందలించాడు. నూనె కాగేటప్పుడు జాగ్రత్తగా ఉండొద్దా? మగవాణ్ని పొయ్యి దగ్గరికి రానిస్తారా? ఇంకాస్త కాలి ఉంటే ఏమయ్యేది?

అక్క తల వంచుకుంది. “గల్తీ హో గయీ భయ్యా,” అంది. తప్పయిందని. ఒకసారి కాదు, చాలాసార్లు అంది. అంటూ అంటూ ఏడ్చింది. పూరీల నూనెకు అంత ఏడుపు ఎందుకో పాపం ఆయనకు అర్థం కాలేదు. కంగారు పడి, తనే ఓదార్చడం మొదలుపెట్టాడు. ఊరుకో భాభీ, ఎవరి ఇంట్లోనైనా జరిగేదే, నువ్వు కావాలని చేశావా అన్నాడు.

అక్క అవుననలేదు, కాదనలేదు. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు మిషన్‌కు వీపు ఆనించుకుని అక్కడే కూర్చుంది.